ఎర్రబోరింగు

మా ఊర్ల బోరింగుకు ఎర్రరంగు కొట్టిన నాడు
నాకింకా అక్షరాలు రావు.
మర్రిగూడ నుంచి వచ్చిన మనిషి
డబ్బాల కుంచె ముంచి
పిడికి, మెడకు, మూతికి పూసి
ఒక్కమాట చెప్పి పోయిండు: తాగొద్దు.
నాయినమ్మ అప్పటికే ముప్పై ఏండ్లు తాగింది.
మోకాళ్లు వంగక
గోడను అడుక్కుంట అడుక్కుంట నడిచేది.

ఆ పంపు పేరే పెట్టుకున్న, ఇంటర్నెట్ల.
కొండేటి అండాలు అంటె ఏ ఫారమూ ఒప్పుకోలే.
ఇంటిపేరు ముందెట్ల వస్తదని ఒకటి,
ఇది అసలు పేరేనా అని ఒకటి.
ఎర్రబోరింగు అన్నంక
ఇంకెవరూ తీస్కోలేదని పచ్చటిక్కు పెట్టింది.

నల్లగొండ, గడియారం సెంటరు,
జిరాక్సు దుకాణం మీద రేకుల గది.
పగలంత ఎవరెవరి ఫంక్షన్ హాళ్లకో వెబ్‌సైట్లు.
రాత్రి, రేకులు చల్లబడ్డంక,
నూట నలభై వరుసల చిన్న పనిముట్టు రాసిన.
పెద్దదేం గాదు.
అక్షరాలు లెక్కపెడతది, మనం లెక్కపెట్టినట్టు.
మిషనుకు స్త్రీ అంటె ఆరు ముక్కలు.
నాకు ఒక్కటే అక్షరం.
డబ్బాల పట్టని పేరును కోయాల్సొస్తె
ఒత్తు తెగకుండ కోస్తది,
అంతే.

ఎవరెవరో తీస్కపోయిండ్రు.
డియర్ సర్ అని జాబులు, బ్రో అని జాబులు.
ఒగాయన గురువుగారూ అన్నడు,
ఆ పూట చాయ్‌ల రెండు బిస్కెట్లు ఎక్కువ ముంచుకున్న.

కొత్తది ఎక్కించిన ప్రతిసారి
ఓటీపీ నాయిన ఫోనుకు పోతది. మొదట్ల ఆ నంబరే ఉండె మాకు.
ఆయన చండూరు దిక్కు ఏ పంపు మీదనో ఉంటడు,
రాడ్లు గుంజుకుంట, చెవికి భుజానికి నడుమ ఫోను ఇరికిచ్చి
"ఏడు... సున్న... మల్ల సున్ననే..."
ఎర్రబోరింగు నేనేనని
లోకానికి సాక్ష్యం ఆ గ్రీజు గొంతు.

మొన్న మంగళవారం వార్త.
ఈ లెక్క ఇగ బ్రౌజరే చేస్తదట.
నా నూట నలభై వరుసలు అక్కర లేదట.
సంతోషపడ్డ, నిజంగనే.
తర్వాత కొంచెంసేపు కిటికీల నుంచి బస్సులు చూసిన:
దేవరకొండ, దేవరకొండ, మునుగోడు,
బోర్డు లేనిదొకటి.

పద్ధతి ప్రకారం రంగు నేనే కొట్టిన.
అన్నిటికన్న పైన ఎర్రటి వరుస:
దీన్ని ఇక వాడొద్దు.

వారమైంది. లెక్క తగ్గలే.
నిన్నొక్క రోజే నలభై వేల సార్లు దించుకున్నరు.
కండ్లున్నయా వీళ్లకు అని తిట్టబోయి
నోరు మూసుకున్న.
రంగు కొట్టిన తెల్లారి గూడ
పంపు కాడ బిందెలు వరుసనే ఉండె.
నల్లా నీళ్లు నాలుగు రోజులకోపారి,
దూప దినాం.

ఇంతల ఒక జాబు, కల్వకుర్తి మార్కెట్ యార్డు కెళ్లి.
"అన్నా, మా కాడ పాత కంప్యూటరు, కొత్త బ్రౌజరు ఎక్కదు.
పేరు వెనక చుక్క వస్తె నీ పనిముట్టు తప్పు కోస్తున్నది.
పల్లీల చిట్టీ మీద సత్తెమ్మ పోయి సత్తెమ్ అని పడ్డది,
బ్యాంకోళ్లు పైసలు ఆపిండ్రు.
ఎర్రగీత చూసినం. చూసి ఏం జేస్తం.
జంగయ్య, కాంటా గది."

నాయినకు ఫోన్ కొట్టిన.
ఎర్రపంపులకు గూడ రిపేరు చేస్తవానే?
"చెయ్యకుంటె? బోళ్లు తోముకుంటరు, బర్లకు పోస్తరు,
తాగొద్దన్నా తాగేటోళ్లు తాగుతరు.
పంపును పండవెడితె రోగం పండుకుంటదా?
వాషరుకు ఎంతగాను, పదిహేను రూపాయలు."
వెనక ఇనుము మీద ఇనుము మోగుతున్నది.

అన్న గాదు, అక్క అని రాసిన.
కొట్టేసిన.
చుక్క కాడ ఒక్క వరుస మార్చిన.
ఎర్రగీత అట్లనే ఉంచిన.

ఎక్కిస్తుంటె మల్ల అడిగింది, నువ్వెవరని.

నాయినా, ఇంకోటొచ్చింది చూడు.

"ఆగు బిడ్డా, చేతులు తుడుసుకోని."